ఒకడికి నాలుగు ట్యాంకులు, ఇంకొకడికి స్టార్టర్ బాక్స్: ఆదివారం వార్‌గేమ్ పెట్టేదెలా?

వార్‌గేమ్ అంటే బొమ్మ సైన్యాల్ని టేబుల్ మీద దింపి, టేపుతో కొలిచి, డైస్ వేసి ఆడే యుద్ధం ఆట. దాని గురించి నాకు ఫోన్ చేసేవాళ్లందరిదీ ఒకటే గోల. "అన్నా, మొత్తం ఎనిమిది మందిమి పోగయ్యాం. ఒకడు మూడేళ్ల నుంచీ కొంటున్నాడు, ట్యాంకులే నాలుగున్నాయి. ఇద్దరు మొన్ననే స్టార్టర్ బాక్స్, అదే కొత్తవాళ్ల కోసం అమ్మే పెట్టె, తెచ్చుకున్నారు. వీళ్లని వాడితో ఆడిస్తే ఏడుపే. ఆడించకపోతే ఇంకెవరున్నారు?" తణుకు నుంచి ఇదే, అమలాపురం నుంచి ఇదే, పోయిన వారం పాలకొల్లు నుంచి కూడా ఇదే.

పెద్ద ఊళ్లో ఒకడితో కుదరకపోతే ఇంకొకణ్ని వెతుక్కోవచ్చు. మన డెల్టాలో ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందులో ఒక కుర్రాడు విసుగొచ్చి బొమ్మలు అటకెక్కించాడంటే మీకు ఒక టేబుల్ పోయినట్టే. నా చేతుల్లోనే ఒకటి పోయింది. భీమవరంలో మొదటిసారి పెట్టినప్పుడు చీటీలు తీసి జోడీలు కలిపాను. చీటీ అంటే న్యాయం అనుకున్నాను. ఇంటర్ చదివే ఒక కుర్రాడికి, నెల రోజులు కూర్చుని రంగులు వేసుకుని తెచ్చిన పదిహేను బొమ్మలతో, మా అందరిలోకీ ముదురు ఆటగాడు తగిలాడు. రెండో రౌండ్ అయ్యేసరికి టేబుల్ మీద వాడివి మూడు బొమ్మలు మిగిలాయి. ముదురు ఆటగాడు తప్పు ఆడలేదు, మాట తూలలేదు. కుర్రాడు మధ్యాహ్నం భోజనానికని వెళ్లి మరి రాలేదు. ఆ తప్పు చీటీలు తీసిన నాది.

మేకా పులి ఆడారా ఎప్పుడైనా? పాత గుళ్లలో అరుగు మీద గీతలు గీసి ఉంటాయి. పులులు మూడు, మేకలు పదిహేను. మేక పులిని చంపలేదు, అయినా ఆట పోటాపోటీగా నడుస్తుంది. ఎందుకంటే మేకలకి పెట్టిన పని వేరు: పులిని కదలకుండా కట్టెయ్యడం. ఈ వ్యాసమంతా ఆ అరుగు మీద ఆటే. ఇంట్లో ఉన్న బొమ్మల్ని మనం సమానం చెయ్యలేం, అవి డబ్బుతో వచ్చినవి. గెలుపు దేన్ని అంటారో మాత్రం మన చేతిలో ఉంది.

లెక్కలన్నీ వార్‌హామర్ 40,000 అనే ఆట రూల్స్ పదో ఎడిషన్ ప్రకారం చెబుతున్నాను, మన వైపు ఎక్కువమంది ఆడేది అదే కాబట్టి. వేరే ఆట ఆడేవాళ్లు అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

ఏమేం కావాలి

ఎనిమిది మందికి నాలుగు టేబుళ్లు కావాలి. 8 అడుగుల బై 4 అడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చి, కొట్లోనే 5 అడుగుల దగ్గర కోయించండి. 5 బై 4 ముక్క 1000 పాయింట్ల ఆటకి (ప్రతి బొమ్మకీ ఒక పాయింట్ల ధర ఉంటుంది, ఒక్కొక్కరి సైన్యం కలిపి 1000) సరిపోతుంది, దానికి కావాల్సింది 60 బై 44 అంగుళాలే. మిగిలిన 3 బై 4 ముక్కని పారెయ్యకండి, కాంబాట్ ప్యాట్రోల్ అనే చిన్న ఆటకి కావాల్సింది 44 బై 30. ఒక షీటుకి ఒక పెద్ద బల్ల, ఒక చిన్న బల్ల. కొత్తవాళ్లకి ఆ చిన్న బల్ల ఎంత ఉపయోగమో కింద చెబుతాను.

టెర్రైన్‌కి, అంటే టేబుల్ మీద పెట్టే గోడలకీ పొదలకీ, డబ్బు పోయకండి. టీవీ డబ్బాలో వచ్చిన థర్మోకోల్, కొబ్బరి చిప్పలు, కొబ్బరి పీచు, అట్టపెట్టెలు చాలు. చిప్ప బోర్లిస్తే బంకర్, పీచు చింపి అతికిస్తే పొద. టేబుల్‌కి కనీసం నాలుగు పెద్ద అడ్డాలు ఉండాలి, వాటి వెనక ట్యాంకు దాక్కుంటే కనపడనంత ఎత్తు. ఖాళీ టేబుల్ మీద దూరం కొట్టే తుపాకులున్నవాడే గెలుస్తాడు, అక్కడ మీరు ఎన్ని సర్దుబాట్లు చేసినా దండగ.

ఇంకా: అంగుళాల టేపులు టేబుల్‌కి రెండు, డైస్, లిస్టుల (ఎవరి సైన్యంలో ఏమేం ఉన్నాయో రాసినవి) ప్రింట్లు, గోడకి తగిలించేలా ఒక గడియారం. కాగితం బొమ్మలతో ఆడేవాళ్లుంటే అడుగున ఇనప వాషర్ అతికించమనండి. మన ఉక్కపోతకి ఫ్యాన్ ఆపలేం, ఫ్యాన్ వేస్తే సైన్యం ఎగిరిపోతుంది.

రోజు ఎంచుకునేటప్పుడు సంక్రాంతి వారం వద్దు, ఎవడూ రాడు. గోదావరికి వరదొచ్చే రోజుల్లో లంకల నుంచి వచ్చేవాళ్ల దారి ముందే కనుక్కోండి.

1. రెండు వారాల ముందే లిస్టులు తెప్పించుకోండి

"ఏదో ఒకటి పట్రండి, సరదాగా ఆడదాం" అన్నారంటే అయిపోయారు. సరదా అనే మాట ఒక్కొక్కడికి ఒక్కోలా వినబడుతుంది. ఒకడు ఇష్టమైన బొమ్మలు తెస్తాడు. ఇంకొకడు యూట్యూబ్‌లో చూసి ఈ నెల గెలిచే లిస్టు తెస్తాడు, అదీ సరదాగానే. ఇద్దరిదీ తప్పు లేదు, చెప్పనిది మీరు.

ఇలా రాసి పంపండి: 1000 పాయింట్లు. టఫ్‌నెస్ (దెబ్బకి తట్టుకునే గట్టితనం) 10, ఆ పైన ఉన్నది ఒక్కటే. ఒకే యూనిట్ (కలిసి కదిలే దళం, లేదా ఒక బండి) రెండు సార్లకి మించి వద్దు. పేరున్న హీరో ఒకడే. ఇవి పుస్తకంలో రూల్స్ కావు, నేను పెట్టుకున్నవి. మీ గుంపుని బట్టి బిగించండి, వదులు చెయ్యండి.

జాగ్రత్త: ఎవడి దగ్గరైనా ఉన్నవే పెద్ద బొమ్మలు అయితే, అంటే ఇంపీరియల్ నైట్స్ లాంటి సైన్యం అయితే, ఈ రూల్‌తో వాణ్ని ఇంటికి పంపించినట్టే. వాడికి ముందే ఫోన్ చేసి మాట్లాడండి. ఏడో మెట్టులో మిషన్ ఉంది, అది సగం వాడి కోసమే.

2. పళ్లు చూడండి

ఎడ్ల బండలాగుడు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అక్కడ ఎడ్ల పళ్లు చూసి విభాగం కడతారు: పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. పాల పళ్ల జతని సీనియర్ జతతో బండకి కట్టరు. బొమ్మలకి కూడా అదే చెయ్యండి. నేను మూడు చేశాను.

పాల పళ్లు: స్టార్టర్ బాక్స్, దానికి ఇటూ అటూ. ఐదు ఆటల లోపు అనుభవం.
నాలుగు పళ్లు: తన సైన్యం తనకి తెలుసు. లిస్టులో ఇష్టం కొంత, ఆలోచన కొంత.
ఆరు పళ్లు: లిస్టు గెలవడానికే రాసింది, లేదా ఆటగాడు అట్టముక్కలతో కూడా గెలవగలిగేవాడు.

మూడో దాంట్లో "లేదా" మీద ధ్యాస పెట్టండి. సైన్యం బలం వేరు, చెయ్యి తిరగడం వేరు. ముదురు ఆటగాడు చెత్త లిస్టు తెచ్చినా పాల పళ్లలోకి రాడు. ఎవరు ఏ విభాగమో ఎవరికి వారినే చెప్పమనండి, తర్వాత మీరు లిస్టు చూసి సరిచెయ్యండి. మా వాళ్లు ఇప్పుడు పలకరింపే మార్చేశారు: "నువ్వెన్ని పళ్లురా?"

3. ట్యాంకు లెక్క ఒకసారి వెయ్యండి

పాయింట్లు సమానం కదా, ఇంకేం కావాలి అని అడుగుతారు. కాగితం మీద ఇది వేసి చూపించండి.

ల్యాండ్ రైడర్ అనే పెద్ద ట్యాంకు టఫ్‌నెస్ 12, కవచం 2+ (డైస్ మీద 2 గానీ ఆ పైన గానీ పడితే దెబ్బ ఆగిపోతుంది), ప్రాణాలు 16. కొత్త కుర్రాడి సైనికుడి తుపాకీ స్ట్రెంగ్త్ (దెబ్బ బలం) 4, కవచాన్ని చీల్చే గుణం లేనిది, దెబ్బకి ఒక ప్రాణం తీసేది. 3+ మీద తగులుతుంది: మూడింట రెండు వంతులు. స్ట్రెంగ్త్ టఫ్‌నెస్‌లో సగం కన్నా తక్కువ కాబట్టి 6 పడితేనే గాయం: ఆరో వంతు. కవచం 1 పడితేనే విఫలం: ఇంకో ఆరో వంతు. మూడూ గుణిస్తే 54 గుళ్లకి ఒక ప్రాణం. 16 ప్రాణాలకి సగటున 864 గుళ్లు. పది మంది, తలకి రెండు గుళ్లు, ఒక ఆటలో ఉండే ఐదు రౌండ్లూ, ఒక్కడూ చావకుండా నిలబడి కాల్చినా 100 గుళ్లు. రెండు ప్రాణాలు కూడా పోవు.

కాబట్టి లిస్టులు రాగానే ప్రతిదాంట్లో ఒకటే వెతకండి: పెద్ద బండిని నిజంగా కొట్టగలిగే ఆయుధం ఏదైనా ఉందా? మెల్టా గానీ లాస్‌క్యానన్ గానీ ఉందా? ఒక్కటీ లేనివాడి పేరు పక్కన చుక్క పెట్టండి. చుక్క ఉన్నవాడిని పెద్ద బండి ఉన్నవాడితో కలపడం నిషేధం. ఈ ఒక్క తనిఖీ సగం ఏడుపుల్ని ఆపుతుంది.

4. జోడీలు కట్టండి, చీటీలు తియ్యకండి

చెస్‌లో స్విస్ పద్ధతి మనకి అలవాటే. 1895లో జ్యూరిచ్‌లో మొదలైంది, ఇప్పుడు జిల్లా స్థాయి పిల్లల పోటీల దాకా అదే. గెలిచినవాడు గెలిచినవాడితో, ఓడినవాడు ఓడినవాడితో. దానిలో చిక్కు మొదటి రౌండ్. అప్పటికి ఎవరు ఏమిటో స్కోరు చెప్పదు, మనకి రోజు మొత్తానికి ఉన్నవే మూడు రౌండ్లు, అంటే మూడు ఆటలు. మొదటి ఆటలోనే చితికినవాడు మిగతా రెండూ మొహం వేలాడేసుకుని ఆడతాడు.

కాబట్టి మొదటి రౌండ్ పళ్లని బట్టి. ఎనిమిది మందిలో పాల పళ్లు ముగ్గురు, నాలుగు పళ్లు ముగ్గురు, ఆరు పళ్లు ఇద్దరు ఉన్నారనుకోండి. ఆరు పళ్ల ఇద్దరూ ఒక జోడీ. నాలుగులో ఇద్దరు ఒకటి. పాల పళ్లలో ఇద్దరు, వాళ్లని ఆ చిన్న బల్ల మీద కాంబాట్ ప్యాట్రోల్ ఆడించండి, బాక్సులో ఉన్నదే సైన్యం కాబట్టి లిస్టు గొడవే ఉండదు. మిగిలిన పాల పళ్లవాడు, మిగిలిన నాలుగు పళ్లవాడు ఒక జోడీ, ఆరో మెట్టులోని సర్దుబాటుతో.

రెండో రౌండ్ స్కోరు ప్రకారం, కానీ పాల పళ్లు ఆరు పళ్లకి తగిలితే పక్క జోడీతో మార్చెయ్యండి. మీరు నిర్వాహకులు, ఆ హక్కు మీది. మూడో రౌండ్‌కి జంటల ఆట పెట్టుకోవచ్చు: ఒక అనుభవం ఉన్నవాడు, ఒక కొత్తవాడు ఒక పక్క, తలకి 500 పాయింట్లు. కొత్తవాళ్లు ఎక్కువ నేర్చుకునేది ఇందులోనే.

ఒకరు రాకపోతే? బేసి సంఖ్య వస్తే మీరే కూర్చోండి. అందుకే నిర్వాహకుడు తన పెట్టె తెచ్చుకోవాలి, దాంట్లో మరీ గట్టి లిస్టు ఉండకూడదు.

5. డైస్ ముట్టుకోకముందు ఐదు నిమిషాలు

దీన్ని అందరూ దాటేస్తారు, నేను మాత్రం గడియారం పెట్టి చేయిస్తాను. ఇద్దరూ లిస్టులు మార్చుకుని, ఎదుటివాణ్ని ఒక్కటే అడగాలి: మీ దగ్గర నన్ను ఇబ్బంది పెట్టేది ఏది? పోయినసారి రెండో టేబుల్ దగ్గర నిలబడి విన్నది చెబుతాను. ఒక పక్క హైస్కూలు మాస్టారు, ఇంకో పక్క డిగ్రీ కుర్రాడు. (ఆబ్జెక్టివ్ అంటే పట్టుకుని నిలబడితే స్కోరు వచ్చే చోటు.)

"మాస్టారూ, మీవాటిలో దేనికి భయపడాలండీ?"

"ఆ వెనక రెండు బళ్లూ చూశావా బాబూ, వాటి తుపాకీ 48 అంగుళాలు కొడుతుంది. మొదటి టర్న్‌లో ఆ చిప్ప వెనక నుంచి బయటికి రాకు."

"మరి నేనేం చెయ్యాలండీ, దాక్కుని కూర్చోనా?"

"ఎందుకు కూర్చోవడం! ఆ ఎగిరే కుర్రాళ్లని కుడి పక్క నుంచి నా ఆబ్జెక్టివ్ మీదకి తోలు. ఇక్కడ నాకు కాపలా పది మందే. నిజంగా ఇబ్బంది పడతాను."

మాస్టారు తన ఆట గుట్టు చెప్పేశారు కదా అనుకోవద్దు. ఆయనే గెలిచారు, నాలుగు పాయింట్ల తేడాతో, చెమటలు పట్టి. కుర్రాడు వెంటనే ఇంకో ఆటకి రమ్మన్నాడు.

ఇదే ఐదు నిమిషాల్లో తేల్చాల్సినవి: ఏ గోడ నుంచి చూపు వెళ్తుంది, ఏది వెళ్లదు; బొమ్మ బదులు వేరే బొమ్మ ఉంటే అది ఏది; డైస్ వాలితే మళ్లీ వెయ్యాలా. కూల్‌డ్రింక్ మూతలతో ఆడేవాణ్ని నేను ఎప్పుడూ కాదనను, కానీ ఏ మూత ఎవరో మూత మీద రాసి ఉండాలి. "ఇందాక అది ఫ్లేమర్ అన్నావు కదా!" అనే తగువుకి మందు లేదు.

6. తేడా సర్దడానికి దారులు

తేలికది ముందు చెబుతాను. ఒక జోడీకి ఒక్కటే వాడండి. రెండు మూడు కలిపితే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

పాయింట్లు తగ్గించడం. బలమైనవాడు 1000 బదులు 900 తెస్తాడు. అదే జోడీ మళ్లీ ఆడినప్పుడు ఇంకా ఏకపక్షమైతే 850. దీని లోపం ఏమిటంటే, అతడు తీసేసేది పనికిరాని యూనిట్‌నే, ట్యాంకుని కాదు. కాబట్టి ఏది తియ్యాలో ఎదుటివాడు చెప్పాలి.

తిరిగొచ్చే దళం. బలహీనుడి మామూలు పదాతి దళం ఒకటి పూర్తిగా పోతే, తర్వాతి టర్న్‌లో అతని వైపు అంచు నుంచి కొత్తగా నడిచి వస్తుంది, ఆట మొత్తానికి రెండు సార్లు. కొత్తవాళ్లకి దీని మీద మోజు. బొమ్మలు డబ్బాలోకి వెళ్లిపోయి చేతులు కట్టుకు కూర్చోవడమే వాళ్లకి అసలు బాధ, ఓటమి కాదు.

టేబుల్ పక్క. ఏ వైపు కావాలో, మొదటి టర్న్ కావాలో వద్దో బలహీనుడు ఎంచుకుంటాడు. చిన్న తేడాలకి ఇది చాలు.

సైన్యాలు మార్చుకోవడం. దీని సంగతి చివర్లో.

హెచ్చరిక: సర్దుబాటు ఏదైనా ఆటకి ముందే, ఇద్దరి ముందూ చెప్పాలి. ఆట మధ్యలో జాలిపడి "పోనీలే, ఆ ట్యాంకు ఈ టర్న్ కాల్చదు" అనడం సాయం అనిపిస్తుంది గానీ, ఎదుటివాడికి అది చెంపదెబ్బ. కావాలని తప్పు ఆడటమూ అంతే. పదిహేనేళ్ల పిల్లాడు కూడా పట్టేస్తాడు.

7. పని మార్చండి: లంక ఖాళీ

మేకా పులి అన్నాను కదా, ఇదిగో. 60 బై 44 టేబుల్. బలహీనుడి సైన్యం వెనక ఉన్న పొట్టి అంచు మునిగే లంక. ఎదురు పొట్టి అంచు గట్టు. అతని పని: ఐదు రౌండ్లలో మూడు యూనిట్లని గట్టు దాటించడం. అంతే. ఎవర్నీ చంపక్కర్లేదు. బలమైనవాడి పని వాళ్లని ఆపడం. అతని సైన్యం ఒక పొడుగు అంచు నుంచి వస్తుంది, గట్టు నుంచి 12 అంగుళాల లోపు దించకూడదు.

రెండో రౌండ్ చివర నుంచి ప్రతి రౌండ్‌కీ లంక వైపు 6 అంగుళాలు నీళ్లు. నీళ్లలో మిగిలిన యూనిట్ పోయినట్టే, ఎవరిదైనా సరే. మూల కూర్చుని కాల్చే బద్ధకస్తులు దీనితో కదులుతారు.

దూరం సరిగ్గా కొలవండి, దీంట్లో పొరపాటు ఎక్కువ. మామూలు పదాతి టర్న్‌కి 6 అంగుళాలు నడుస్తుంది, ఐదు టర్న్‌లకి 30. కాబట్టి 60 అంగుళాల అవతల దింపితే ఎవడూ చేరడు. గట్టుకి 24 అంగుళాల దూరంలో అడ్డంగా ఒక దారం పరిచి, బలహీనుడి సైన్యం ముందు వరుసని దాని మీద నిలబెట్టండి. నాలుగు టర్న్‌లు నడక, ఒక టర్న్ మిగులు. ఆ మిగులే ఆట: ఆగి కాల్చాలా, పరిగెత్తాలా, ఎవర్ని వదిలెయ్యాలా. 

వేగంగా ఎగిరే యూనిట్లు ఉంటే అవి లెక్కలోకి రావు అని ముందే అనుకోండి. లేకపోతే రెండో టర్న్‌కే అయిపోతుంది, మాకు ఒకసారి అలాగే అయింది.

ఒక ఆటయ్యాక వైపులు మార్చి ఆడించండి. ట్యాంకులవాడు లంకలో పడ్డప్పుడు ఆ మొహం చూడాలి.

8. ఆట నడుస్తుండగా

చేసే ముందు చెప్పడం అలవాటు చెయ్యండి. "ఈ ఐదుగుర్నీ నీ ట్యాంకుకి కనపడకుండా గోడ వెనక పెడుతున్నా, సరేనా?" ఎదుటివాడు వంగి చూసి సరే అంటే, తర్వాత అర అంగుళం కనిపించిందని కాల్చకూడదు. కొలిచేది ఇద్దరూ కలిసి చూడాలి. తగిలిన డైస్ తీసి, తగలనివి వదిలెయ్యాలి, ఎదుటివాడు లెక్కపెట్టేలోపు గుప్పిట పట్టెయ్యకూడదు.

రూలు మీద తగువొస్తే పుస్తకం రెండు నిమిషాలు. దొరకకపోతే ఒక డైస్: 1 నుంచి 3 ఒకరి మాట, 4 నుంచి 6 ఇంకొకరి మాట. ఆట సాగాలి. సాయంత్రం వెతికి అందరికీ చెప్పండి.

టైము గురించి ఒక మాట. 1000 పాయింట్లకి రెండు గంటలు. 9 నుంచి 11, 11:15 నుంచి 1:15, భోజనం, 2:15 నుంచి 4:15. గంటంపావు దాటినా రెండో రౌండ్‌లోనే ఉన్న టేబుల్ దగ్గరకి వెళ్లి నిలబడండి. నెమ్మదిగా ఆడేది ఎక్కువగా కొత్తవాడే, కానీ వాడి మీద గడియారం బాదకండి. ఎదుటివాణ్ని వాడి డైస్ లెక్కలో సాయం చెయ్యమనండి.

9. బహుమతి ఎవరికి

ఎదుటివాడి ప్రవర్తనకి పదికి మార్కులు వెయ్యమనకండి. నేను వేయించాను. ఓడినవాళ్లంతా తమని ఓడించినవాడికి ఆరు, ఏడు వేశారు, స్నేహితులు స్నేహితులకి పది. దాని బదులు సాయంత్రం ప్రతివాడికీ ఒక చీటీ (ఇక్కడ చీటీ పనికొస్తుంది): ఈ రోజు ఆడినవాళ్లలో ఎవరితో మళ్లీ ఆడాలనుంది? ఒక్క పేరు. ఎక్కువ చీటీలు వచ్చినవాడికి పెద్ద బహుమతి. మా దగ్గర అది ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. మొదటి స్థానానికి చప్పట్లు, ఒక పెయింటు సీసా. గెలుపుకి పెద్ద బహుమతి పెట్టారో, వచ్చే నెల లిస్టులన్నీ ఆరు పళ్లే.

జనం ఎక్కువగా చేసే తప్పులు

అన్నిటికన్నా పెద్దది, బలమైనవాణ్ని దొంగని చూసినట్టు చూడటం. అతడు డబ్బు పెట్టాడు, నేర్చుకున్నాడు, రూల్స్ ప్రకారం ఆడుతున్నాడు. "సరదా ఆటకి ఇలాంటి లిస్టా?" అని అందరి ముందూ అన్నారంటే రెండో టేబుల్ కూడా పోతుంది. అతనికి కష్టమైన పని ఇవ్వండి, అడిగి మరీ చేస్తాడు. మా ముదురు ఆటగాడు ఇప్పుడు లంక ఖాళీలో పులి వేషం తప్ప వేరేది ఆడనంటాడు.

రెండోది, ఓడిపోయేవాడి గొణుగుడు. పాచికల్ని తిట్టడం, "నీకు అన్నీ ఆరులే" అనడం. కొత్తవాడికి కూడా ఇది ముందే చెప్పాలి. క్రీడాస్ఫూర్తి అంటే గెలిచేవాడికి ఒక్కడికే పెట్టిన పరీక్ష అనుకుంటాం. రెండో రౌండ్‌లో బొమ్మలు ఎత్తేసి "ఇంక చాలు" అంటే, ఎదుటివాడు కూడా యాభై కిలోమీటర్లు బండి మీద వచ్చాడు మరి. ఒప్పుకోవాలనిపిస్తే మూడో రౌండ్ చివర ఇద్దరూ మాట్లాడుకుని ఆపి, మిగిలిన టైములో చిన్న ఆట వేసుకోవచ్చు.

అడగకుండా సలహాలివ్వడం కూడా ఉంది. టేబుల్ చుట్టూ ముగ్గురు చేరి "అటు కాదు, ఇటు" అంటే ఆ కుర్రాడి ఆట వాడిది కాదు. ఖాళీగా ఉన్నవాళ్లని టీలు తెమ్మని పంపించండి.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

స్కోరు కాగితాలు ముందేసుకోండి. 40,000లో ఒకరికి గరిష్ఠం 100 పాయింట్లు. తేడా 20 లోపు ఉంటే జోడీ కుదిరింది. 40 దాటితే ఎక్కడో తప్పు. నాలుగు టేబుళ్లలో రెండింటిలో అలా వస్తే మీ పళ్ల లెక్కే తప్పింది. ఇది నా అలవాటు కొలత, మీరు నాలుగైదు సార్లు నడిపాక మీ కొలత మీకు వస్తుంది. లంక ఖాళీ లాంటి వాటికి ఇది పనిచెయ్యదు. అక్కడ ఒకటే చూడండి: నాలుగో రౌండ్ మొదట్లో ఎవరు గెలుస్తారో పక్కనవాడు చెప్పగలిగాడా? చెప్పగలిగితే 24 అంగుళాల దారాన్ని రెండు అంగుళాలు అటో ఇటో జరపండి.

స్కోరుకి అందనిది భోజనాల దగ్గర చూడండి. ఇప్పుడే ఆడిన ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ ట్యాంకు గురించే మాట్లాడుకుంటున్నారా? ఎవడైనా ఒక్కడే ఫోన్ చూసుకుంటున్నాడా? ఆ ఒక్కడి పక్కన కూర్చోండి.

ఇక సైన్యాలు మార్చుకోవడం. ఒక జోడీ ఎన్ని సర్దుబాట్లు చేసినా ఏకపక్షంగానే వస్తోందనుకోండి. సాయంత్రం అందరూ సర్దుకుంటున్నప్పుడు వాళ్లిద్దర్నీ ఒకరి సైన్యంతో ఇంకొకర్ని ఆడమనండి, చిన్న బల్ల మీద, 500 పాయింట్లు, గంట. చేతులు మారినా అదే సైన్యం గెలిస్తే గొడవ లిస్టులో ఉంది: బలహీనుడికి బండి కొట్టే ఆయుధం ఒకటి కొనిపించండి, లేదా అరువివ్వండి. సైన్యం మారినా అదే మనిషి గెలిస్తే గొడవ లిస్టుది కాదు. పాయింట్లు తగ్గించి లాభం లేదు, వాళ్లిద్దర్నీ వచ్చే నెల జంటల ఆటలో ఒక పక్క వెయ్యండి. ఒక్క ఆటతో తీర్పు చెప్పకండి, డైస్ అబద్ధమాడతాయి. రెండు సార్లు ఆడించండి.

అవతలివాడి బొమ్మలు పట్టుకునేటప్పుడు చేతులు కడుక్కుని, అడుగు పట్టుకుని ఎత్తమనండి. పూతరేకుల నెయ్యి పెయింటు మీద అంటితే అంత తేలిగ్గా పోదు.

లిస్టుల కాగితాలు మాత్రం పారెయ్యకండి. ఎవరు ఏ పళ్లు, ఎవరికి చుక్క, ఏ జోడీకి ఏ సర్దుబాటు, తేడా ఎంత, అన్నీ వెనక రాసి ఒక కవర్లో పెట్టండి. వచ్చే నెల మొదటి రౌండ్ జోడీలు దాన్ని చూసే కట్టాలి.